పరస్థానం ఉంచండి, మంచు విడిన తరువాత కదలండి

(నూజివీడులో ధనుర్మాస సభలో చేసిన ప్రసంగ పాఠం)



ధనుర్మాసం ప్రవేశించినది మొదలు మన నూజివీడులో ఇంటింటా ప్రయాణాల మాటే వినబడుతుంది. ముక్కోటికి కొందరు తిరుమలకు, కొందరు భద్రాద్రికి, దూరం వెళ్ళలేనివారు మన చెంతనే ఉన్న ద్వారకా తిరుమలకు బయలుదేరతారు. మాల ధరించిన స్వాములు శబరిమలకు, భవానీలు ఇంద్రకీలాద్రికి వెళతారు. పెద్ద పండుగకు హైదరాబాదు నుండి పిల్లలు వస్తారు, పండుగ ముగియగానే తిరిగి పోతారు. సంవత్సరంలో మనం రోడ్డు మీద ఎక్కువగా ఉండే రోజులు ఇవే. రోడ్డు మన కంటికి తక్కువగా కనబడే రోజులు కూడా ఇవే. ఈ రెండూ ఒకే నెలలో వచ్చిపడినందువల్ల ఏమేమి జాగ్రత్తలు తీసుకోవాలో చెప్పమని ట్రస్టు పెద్దలు నన్ను ఆదేశించారు. నేను పండితుణ్ణి కాను. ఆర్టీసీలో బస్సు నడిపి, ఆ పిదప డ్రైవర్లకు శిక్షణ ఇచ్చినవాణ్ణి. అందుచేత నా ప్రసంగంలో వేదాంతం తక్కువగాను, బ్రేకుల సంగతి ఎక్కువగాను ఉంటుంది. మన్నించాలి.

శీతకాలపు రోడ్డు అనగానే విదేశాలలో ఉన్న మన పిల్లలు మంచుగడ్డలు, చక్రాలకు కట్టే గొలుసులు గుర్తుకు తెచ్చుకుంటారు. మనకు ఆ బాధ లేదు. మనకున్నది పొగమంచు. ఆ మంచు సంగతి మామిడి రైతుకు నేను చెప్పవలసిన పని లేదు. ఈ రోజులలోనే తోట పూతకు వస్తుంది. మంచు ఎడతెగక పడితే పూతను బూడిద తెగులు పట్టుకుంటుంది, తేనెమంచు పురుగు ఎక్కువవుతుంది. చిన్నరసమైనా బంగినపల్లి అయినా ఆ ఏటి బతుకు ఈ పూతలోనే ఉంది కనుక, మన రైతు రాత్రి పడుకోబోయే ముందు ఒకసారి ఆకాశం వంక చూస్తాడు. మబ్బు లేదు, చుక్కలు తేటగా ఉన్నాయి, ఆకు కదలడం లేదు, నేలలో తడి ఉంది. ఈ నాలుగూ కలిస్తే తెల్లవారేసరికి మంచు తప్పదని అతనికి ఏ యంత్రమూ చెప్పనక్కరలేదు. మబ్బు నేలకు దుప్పటి వంటిది. దుప్పటి లేని రాత్రి నేల తన వేడినంతా ఆకాశానికి ఇచ్చివేసి చల్లబడుతుంది, నేలనంటి ఉన్న గాలిలోని తేమ సన్నని నీటి బిందువులై అక్కడే నిలిచిపోతుంది. గాలి వీస్తే చెదురుతుంది, ఎండ కాస్తే కరుగుతుంది. తోట కోసం ఆకాశం చూసే ఆ రైతే, మరునాడు కుటుంబంతో కారెక్కవలసి వచ్చినప్పుడు ఆకాశం వంక చూడడు, పంచాంగం వంక మాత్రమే చూస్తాడు. నేటి నా విన్నపం ఈ ఒక్క విషయం గురించే.

మంచు అన్నిచోట్ల ఒకే తీరుగా ఉండదు. నీరున్న చోట చిక్కబడుతుంది. హనుమాన్ జంక్షన్ చేరి పెద్ద రోడ్డెక్కితే ఇటు విజయవాడ వైపు, అటు ఏలూరు వైపు కాలువలు, చెరువులు, దిగువన కొల్లేరు. అందువల్ల ఊరిలో బయలుదేరినప్పుడు పలుచగా ఉన్నది పది కిలోమీటర్లు వెళ్ళేసరికి గోడలా నిలబడుతుంది. వాతావరణ శాఖ వారి లెక్కలో 1000 మీటర్ల లోపు మాత్రమే కనబడితే అది పొగమంచు. 200 మీటర్ల లోపయితే దట్టమైనది. 50 మీటర్లు కూడా కనబడకపోతే అతి దట్టమైనది. గన్నవరంలో దిగవలసిన విమానాలు మంచు వల్ల ఆకాశంలోనే చక్కర్లు కొట్టడం, ఒక్కొక్కప్పుడు హైదరాబాదుకు మళ్ళిపోవడం శీతకాలంలో మనం వార్తలలో చూస్తూనే ఉంటాం. అన్ని పరికరాలు, అంత శిక్షణ ఉన్న విమాన చోదకుడు 'నేను దిగను' అంటాడు. ఆ విమానాశ్రయం ముందు రోడ్డు మీదనే మనం గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వెళుతుంటాం.

ఇక్కడ చిన్న లెక్క చెబుతాను. గంటకు 80 కిలోమీటర్లంటే సెకనుకు 22 మీటర్లు. ఎదుట ఏదో కనబడి, అది ఏమిటో గ్రహించి, కాలు బ్రేకు మీదికి చేరేసరికి ఒకటిన్నర సెకను పడుతుంది. ఆ లోపలే 33 మీటర్లు గడిచిపోతాయి. బ్రేకు పట్టిన తరువాత పొడి రోడ్డు మీద కూడా బండి నిలవడానికి మరొక 35 మీటర్లు కావాలి. మొత్తం సుమారు 70 మీటర్లు. మనకు కనబడేది 50 మీటర్లయితే, ఆగి ఉన్న లారీని చూసిన క్షణంలోనే ఫలితం నిర్ణయమైపోయినట్లు. ఆ తరువాత బ్రేకు చేయగలిగేది దెబ్బను తగ్గించడం మాత్రమే. అదే వేగం 40 అయితే పాతిక, ముప్ఫై మీటర్లలో బండి ఆగుతుంది. మంచుకు రోడ్డు తడిసి ఉంటే ఈ దూరాలు ఇంకా పెరుగుతాయి.

రోడ్డు మీద టేపు పెట్టి కొలవలేం కదా అని కొందరు అడుగుతారు. నేను శిక్షణలో చెప్పే పద్ధతి ఒకటి ఉంది. మంచులో నుండి ఒక చెట్టో, స్తంభమో కనబడగానే మనసులో 'గోవిందా' అని నింపాదిగా అనుకోవడం మొదలుపెట్టండి. ఆ చెట్టు మీ పక్కకు వచ్చేలోగా కనీసం నాలుగు మార్లు గోవింద నామం పూర్తి కావాలి. కాకపోతే మీ వేగం ఎక్కువైనట్లు. అప్పుడు నామం తొందరగా చెప్పకూడదు, వేగమే తగ్గించాలి.

ఇప్పుడు ముహూర్తం సంగతికి వస్తాను. యాత్రకు బయలుదేరేటప్పుడు వర్జ్యం, దుర్ముహూర్తం, రాహుకాలం చూసుకోవడం మన ఆచారం. దానిని నేను తప్పుపట్టను. చూసి చూసి చివరకు అందరూ చేరే సమయం తెల్లవారుజామున 4 గంటలు. బ్రాహ్మీ ముహూర్తం శుభమే. స్నానానికి, జపానికి, తిరుప్పావై పారాయణకు దానిని మించిన వేళ లేదు. కాని జనవరిలో మన ప్రాంతంలో సూర్యోదయం 6.40 ప్రాంతంలో అవుతుంది. మంచు అన్నిటికన్నా చిక్కగా ఉండేది సూర్యోదయానికి ముందు, ఆ వెంటనే కొంతసేపు. అది విడేసరికి సాధారణంగా 8, 9 గంటలవుతుంది. అంటే 4 గంటలకు బయలుదేరినవాడు చీకటిలో మొదలుపెట్టి, దినంలోని అతి ప్రమాదకరమైన నాలుగు గంటలనూ స్టీరింగు ముందు గడుపుతాడు. పైగా మనిషి దేహానికి నిద్ర బలంగా ముంచుకువచ్చే వేళ కూడా రాత్రి 2 నుండి 5 మధ్యనే.

దీనికి పరిష్కారం మన పెద్దలే ఏర్పరచి ఉంచారు. అదే పరస్థానం. ముహూర్తానికి మనిషి కదలడం కుదరనప్పుడు, ఆ వేళకు తాను తీసుకువెళ్ళే బట్టనో, బియ్యం మూటనో, కొబ్బరికాయనో ఇల్లు దాటించి, ప్రయాణం చేసే దిక్కున ఉన్న ఇరుగుపొరుగు ఇంటనో దేవాలయంలోనో ఉంచుతారు. ఆ వేళకే ప్రయాణం ఆరంభమైనట్లు. తరువాత వీలైనప్పుడు బయలుదేరి, దారిలో ఆ మూటను తీసుకొని వెళతారు. ముహూర్త గ్రంథాలు దీనినే ప్రస్థానమని వ్రాశాయి. అది కొన్ని రోజుల వరకు కూడా చెల్లుతుందన్నాయి. ఏరు పొంగి ఉన్నప్పుడు, వాన నిలవనప్పుడు, ఇంట ఎవరికో ఒంట్లో బాగులేనప్పుడు మన తాతలు దీనిని పాటించారు. ఆ రోజులలో ఏరు అడ్డమైతే ఆగారు; ఈ రోజులలో మనకు మంచు అడ్డమవుతున్నది. 4 గంటలకు స్నానం చేసి, దీపం పెట్టి, పరస్థానం మూటను దేవాలయంలో ఉంచి రండి. ఇంటికి వచ్చి డ్రైవరును నిద్రపోనివ్వండి. ఎండ వచ్చాక కదలండి. శాస్త్రానికి లోపం లేదు, ప్రాణానికి భయం లేదు. సందేహమున్నవారు మన అర్చకస్వాములనే అడిగి తెలుసుకోవచ్చు.

'ఆలస్యమైతే దర్శనం తప్పిపోతుంది కదా' అంటారు. తిరుమలలో 2020 నుండి వైకుంఠ ద్వార దర్శనం పది రోజుల పాటు కల్పిస్తున్నారు. అంటే ఒక్క తెల్లవారుజాముకే పరుగెత్తవలసిన పని లేదు. భద్రాచలంలో ముక్కోటి ముందునాటి సాయంత్రం గోదావరిలో తెప్పోత్సవం, మరునాటి ఉదయం ఉత్తరద్వార దర్శనం జరుగుతాయి. ఆ ఉదయం అక్కడ ఉండాలనుకునేవారు ముందునాటి పగలే చేరుకుంటే తెప్పోత్సవమూ దక్కుతుంది. విస్సన్నపేట, తిరువూరు, కొత్తగూడెం, పాల్వంచల మీదుగా పోయే ఆ దారిలో బొగ్గు లారీలు, అడవి, గోదావరి మంచు మూడూ ఉన్నాయి. రాత్రివేళ ఆ దారి పడితే స్వామి దర్శనం కన్నా ముందు లారీల వెనుక భాగాల దర్శనమే ఎక్కువగా అవుతుంది.

ఇంత ఆదుర్దాగా ఎందుకు చెబుతున్నానో వినండి. 2025 డిసెంబరు 12వ తేదీ తెల్లవారుజామున, చిత్తూరు వైపు నుండి వచ్చిన యాత్రికుల బస్సు ఒకటి భద్రాద్రి రాముని దర్శించుకొని అన్నవరం సత్యదేవుని వద్దకు వెళుతూ చింతూరు – మారేడుమిల్లి ఘాట్ రోడ్డులో లోయలో పడింది. 9 మంది యాత్రికులు మరణించారు. 2021 ఫిబ్రవరి 14న, అది కూడా తెల్లవారుజామునే, మదనపల్లె నుండి అజ్మీరు దర్గాకు బయలుదేరిన మినీ బస్సు కర్నూలు జిల్లా వెల్దుర్తి మండలంలో డివైడరు దాటి అవతలి వైపు లారీని ఢీకొన్నది. అందులో 14 మంది ప్రాణాలు పోయాయి. ఎవరు ఏ దేవుని దగ్గరకు వెళుతున్నా యాత్రికుడు యాత్రికుడే. కారణాలను తేల్చవలసినది విచారణ చేసే అధికారులు. నేను గమనించమనేది ఆ వేళను. రెండింటిలోనూ బస్సులో ఉన్నవారిలో చాలామంది ఆ సమయానికి నిద్రలో ఉండి ఉంటారు. మనం కూడా అలాగే నిద్రపోతాం. మెలకువగా ఉండవలసిన వాడు ఒక్కడే ఉంటాడు.

ఆ ఒక్కని గురించి కొంచెం ఎక్కువసేపు మాట్లాడతాను.

మన యాత్రలు ఎలా సాగుతాయో తలచుకోండి. టెంపో ట్రావెలరో, కారో మాట్లాడుకుంటాం. అయిదు రోజులలో ఎనిమిది క్షేత్రాలని పట్టిక వేసుకుంటాం. క్షేత్రం చేరగానే మనకు గది దొరుకుతుంది, వేడినీళ్ళు దొరుకుతాయి, నడుం వాలుస్తాం. డ్రైవరు పార్కింగు స్థలంలో, ముందు సీటు వెనక్కు వాల్చుకొని, దోమలతో, లౌడ్‌స్పీకర్లతో కునుకు తీస్తాడు. రాత్రి 1 గంటకు దర్శనం ముగించుకొని వచ్చి అద్దం మీద తట్టి 'ఏం బాబూ, పోదామా?' అంటాం. అతడు కాదనలేడు. కాదంటే రేపు మరొకరి బండి మాట్లాడుకుంటామని అతనికి తెలుసు. పైగా క్షేత్రంలో మనం పెట్టించిన ప్రసాదం ఒకటి. కట్టుపొంగలి, చక్రపొంగలి నెయ్యి కారుతూ తిన్న తరువాత ఎవరికైనా కనురెప్పలు నిలుస్తాయా? భగవత్ప్రసాదాన్ని నేనేమీ అనను. స్టీరింగు పట్టబోయేవానికి చెంచాడు చాలు, మిగిలినది మూట కట్టి ఇవ్వండి.

మోటారు రవాణా కార్మికుల గురించి 1961లోనే చట్టం చేశారు. దాని ప్రకారం డ్రైవరు చేత రోజుకు 8 గంటలకు మించి, వారానికి 48 గంటలకు మించి పని చేయించరాదని నియమం ఉండేది. 5 గంటలకొకసారి కనీసం అరగంట విశ్రాంతి ఇవ్వాలని కూడా ఉండేది. ఆర్టీసీలో దూరప్రయాణాల బస్సుకు ఇద్దరు డ్రైవర్లను వేసేది దీనికే. శబరిమల వెళ్ళే స్వాములు రానూపోనూ రెండువేల కిలోమీటర్లకు పైబడిన దారిని ఒక్క డ్రైవరు మీద వేసుకొని పోవడం నేను చూశాను. రెండవ డ్రైవరు ఖర్చును పదిమంది పంచుకుంటే తలకు పడేది ఎంత? ఇరుముడిలో ఏ లోపమూ రాకూడదని 41 రోజులు నియమంగా ఉండే స్వాములు ఈ ఒక్క నియమాన్ని కూడా దీక్షలో చేర్చుకోవాలని చేతులు జోడించి అడుగుతున్నాను.

నిద్ర వస్తున్నప్పుడు అద్దం దించడం, పాటలు పెట్టడం, మొహం కడుక్కోవడం, టీ తాగడం, ఇవన్నీ పది నిమిషాల ముచ్చట. నిద్రకు మందు నిద్ర ఒక్కటే. పెట్రోలు బంకులో ఆపి ఇరవై నిమిషాలు పడుకుంటే ఆ తరువాత కొంత దూరం భద్రంగా పోవచ్చు. అయితే చలి అని అద్దాలన్నీ బిగించి, ఇంజను నడుస్తుండగా బండిలో నిద్రపోకూడదు. పొగ గొట్టంలో ఎక్కడైనా లోపముంటే కార్బన్ మోనాక్సైడ్ వాయువు లోపలికి చేరుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. నిద్రలో ఉన్నవారికి మెలకువ రాదు.

దాతలు ఈ సభలో చాలామంది ఉన్నారు. అన్నదానానికి, గోశాలకు, గదుల నిర్మాణానికి మీరిచ్చే విరాళాల వల్లనే క్షేత్రాలు నడుస్తున్నాయి. మీరు గది కట్టించేటప్పుడు పార్కింగు దగ్గర డ్రైవర్ల కోసం కూడా ఒక హాలు వేయించగలరా అని నా ప్రార్థన. ఆరు చాపలు, ఆరు దుప్పట్లు, ఒక ఫ్యాను, స్నానానికి నీళ్ళు. పెద్ద ఖర్చు కాదు. దాని గోడ మీద దాత పేరు వ్రాస్తే, ఆ పేరును చదివేది డ్రైవర్లే కావచ్చు. ఆ రాత్రి ఇళ్ళకు క్షేమంగా చేరే కుటుంబాలకు అది తెలియకపోవచ్చు.

ఇక వాహనం. యాత్రకు ముందు వాహన పూజ చేయిస్తాం. నిమ్మకాయలు తొక్కిస్తాం, గుమ్మడికాయ దిష్టి తీస్తాం. మంచిదే. అయితే హెడ్‌లైట్ల మీద పసుపు, గంధం, కుంకుమ బొట్లు పెట్టి అలాగే వదిలేస్తే రాత్రికి ఆ మేరకు వెలుగు తగ్గినట్లే. హారతి అయిన వెంటనే తడిగుడ్డతో తుడవండి, అపచారం కాదు. బొట్టు బానెట్ మీద పెట్టుకోవచ్చు. ముందు అద్దానికి వేలాడే దండలు, బొమ్మలు తీసివేయండి. డ్యాష్‌బోర్డు మీద స్వామి విగ్రహం చిన్నదిగా ఉంటే చాలు. వెనుక లైట్లు, బ్రేకు లైట్లు వెలుగుతున్నాయో లేదో లోపల కూర్చున్నవానికి తెలియదు. ఒకరు వెనుక నిలబడి చూడాలి. మంచులో మన ప్రాణం మన ముందు లైట్ల మీద ఎంత ఆధారపడి ఉందో వెనుక లైట్ల మీద కూడా అంతే ఆధారపడి ఉంది. టైర్ల గాలి చలికి కొంత తగ్గుతుంది కనుక, బండి నడవక ముందు, టైర్లు చల్లగా ఉన్నప్పుడే కొలిపించండి. స్టెప్నీలో గాలి ఉందో లేదో కూడా చూడండి. అరిగిపోయిన టైరు తడి రోడ్డు మీద జారుతుంది. వైపర్ రబ్బర్లు ఎండకు గట్టిపడి ఉంటాయి. వేసవిలో ఎవరూ చూడరు, అవసరం వచ్చేది ఇప్పుడే. వెలుగును వెనక్కు చిమ్మే ముక్కోణపు బోర్డు, టార్చిలైటు, తాగేనీళ్ళు, పెద్దవారి మందులు చేతికందేచోట పెట్టుకోండి. ఫాస్టాగ్‌లో డబ్బు ఇంటి దగ్గరే చూసుకోండి. సామాను కిందనే సర్దుకోండి, అరిసెల డబ్బాలు, బియ్యం బస్తాలు నెత్తి మీదికి ఎక్కిస్తే మలుపులో బండి తూలుతుంది. వెనుక సీటులో కూర్చున్న అమ్మలు, అమ్మమ్మలు కూడా సీటు బెల్టు పెట్టుకోవాలి. చట్టం అదే చెబుతున్నది. పిల్లవాణ్ణి ఒడిలో గట్టిగా పట్టుకున్నాను కదా అని ఏ తల్లీ ధైర్యపడకూడదు. 40 కిలోమీటర్ల వేగంలో బండి ఠక్కున ఆగితే ఏ చేతులూ పట్టి ఉంచలేవు.

ఇన్ని చేసినా దారి మధ్యలో మంచు కమ్మవచ్చు. అప్పుడు చాలామంది చేసే మొదటి పని బ్రైట్ లైటు వేయడం. మంచు కోట్ల నీటి బిందువుల తెర. ఎక్కువ వెలుగు వేస్తే ఆ తెర మీద పడి మన కళ్ళలోకే తిరిగివస్తుంది, ఎదుట తెల్లని గోడ తప్ప ఏమీ కనబడదు. లైటు డిమ్‌లో పెట్టండి. కింద ఫాగ్ ల్యాంపులుంటే వేయండి. నాలుగు ఇండికేటర్లూ మిణుకుమనిపిస్తూ నడపడం మరొక దురలవాటు; మీరు మలుపు తిరుగుతున్నారో, ఆగి ఉన్నారో వెనుకవానికి తెలియదు. అది ఆగినప్పుడు వేయవలసినది. లోపలి అద్దం మసకబారితే చేత్తో తుడవకుండా, ఏసీ వేసి గాలిని అద్దం మీదికి మళ్ళించండి. లారీ వెనుక ఎర్ర లైట్లు పట్టుకొని పోతే దారి దొరుకుతుందని కొందరు దానిని అంటుకొని పోతారు. ఆ లారీ ఆగిపోతే మనం దాని కిందకే పోతాం. రోడ్డు ఎడమ అంచున ఉన్న తెల్లగీతను ఆనవాలుగా పెట్టుకోండి, ఎదుటివాని లైట్ల వంక చూడకండి. మరీ కనబడకపోతే ఆగడమే మేలు. కాని రోడ్డు పక్కన కాదు. బంకులోనో, హోటలు ముందో, టోల్‌గేటు దగ్గర ఖాళీ స్థలంలోనో ఆగాలి. బండి రోడ్డు మీదనే చెడిపోతే అందరూ దిగి, రోడ్డుకు దూరంగా, కమ్మీల అవతల నిలబడాలి. చలికి బండిలోనే కూర్చుంటామని అనకూడదు.

మన ప్రాంతానికే ప్రత్యేకమైన ఇబ్బంది ఒకటి ఉంది. ఇవి కుప్పనూర్పిళ్ళ రోజులు. ధాన్యం బస్తాలతో ట్రాక్టర్లు తెల్లవారుజామునే మిల్లులకు కదులుతాయి. వాటి ట్రక్కులకు వెనుక లైటన్నది చాలావాటికి లేదు. రోడ్డు మీద ధాన్యం ఆరబోసి అంచున రాళ్ళు పేర్చుతారు. పొద్దున ధాన్యం ఎత్తుతారు గాని రాళ్ళను ఎత్తరు. గడ్డి తగలబెట్టిన పొగ మంచులో కలిస్తే ఇంకా చిక్కనవుతుంది. భోగి నాటి ఉదయం ఊరూరా మంటల పొగ కూడా తోడవుతుంది. ఇక్కడ కూర్చున్నవారిలో సగం మంది రైతులే. మీ ట్రక్కు వెనుక రెండు ఎర్రని మెరిసే టేపులు అంటించండి. అది కూడా యాత్రికుల సేవే.

కాలినడకన వెళ్ళే భక్తులకు కూడా ఒక మాట. భవానీల ఎర్ర వస్త్రం, అయ్యప్ప స్వాముల నల్ల వస్త్రం రెండూ చీకటిలో కనబడవు. భుజానికి, సంచికి మెరిసే టేపు అంటించుకోండి. ఎదురుగా వచ్చే బండి కనబడేటట్లు రోడ్డుకు కుడివైపున, ఒకరి వెనుక ఒకరుగా నడవండి. మంచు విడేవరకు ఏ గుడి అరుగు మీదనో కూర్చుని భజన చేసుకోండి.

దారిలో ప్రమాదం కనబడితే ఆగడానికి ఇంకా చాలామంది భయపడుతున్నారు. పోలీసులు, సాక్ష్యాలు, కోర్టులు అంటారు. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించినప్పుడు, గాయపడినవారిని సదుద్దేశంతో ఆదుకున్నవారిపై ఎలాంటి కేసూ ఉండదని స్పష్టంగా చేర్చారు. ఇష్టం లేకపోతే పేరు కూడా చెప్పనక్కరలేదు. 108కి గాని 112కి గాని ఫోను చేయండి. జాతీయ రహదారి మీదనైతే 1033 కూడా ఉంది. అయితే మంచులో ఆగేటప్పుడు ముందు మీ బండిని రోడ్డు దించండి, లేకపోతే రెండవ ప్రమాదానికి మీరే కారణమవుతారు.

చివరగా పండుగకు వచ్చిపోయే పిల్లల సంగతి. హైదరాబాదులో సాయంత్రం ఆఫీసు ముగించుకొని రాత్రి 9 గంటలకు బయలుదేరుతారు. పంతంగి, కొర్లపహాడ్ టోల్‌గేట్ల దగ్గర బారులు దాటుకొని, కోదాడ, ఆ తరువాత చిల్లకల్లు టోలు గడిచి, కీసర దగ్గర మునేరు వంతెన మీదికి వచ్చేసరికి మూడో నాలుగో అవుతుంది. పగలంతా పని చేసిన మనిషి, సగం రాత్రి క్లచ్ తొక్కి అలసిన కాళ్ళు, ఏటి మీద మంచు. ఫోనులో వారితో 'ఎక్కడిదాకా వచ్చారు నాన్నా? తొందరగా రండి, టిఫిను చల్లారిపోతుంది' అనకండి. 'పడుకొని పొద్దున్నే లేచి తిని బయలుదేరండి, మధ్యాహ్నం భోజనానికి కలుద్దాం' అనండి. నడిపేటప్పుడు అసలు ఫోనే చేయకండి.

తిరుగు ప్రయాణానికి కూడా మన పెద్దలు మాట ఒకటి చెప్పి ఉంచారు. 'కనుమ నాడు కాకైనా కదలదు.' ఆ రోజు పశువుల పండుగ. ఏడాదంతా కాడి మోసిన ఎడ్లకు విశ్రాంతి, వాటిని తోలినవానికి విశ్రాంతి. మరునాడు సెలవు లేదని పిల్లలు కనుమ నాటి రాత్రికే బయలుదేరుతామంటారు. ఆ రాత్రి రోడ్డు నిండా అలాగే బయలుదేరినవారే ఉంటారు. ముక్కనుమ నాడు ఎండ వచ్చాక, మంచు విడాక, కడుపునిండా కాకుండా తేలికగా పెట్టి పంపండి. మరీ ఆ రాత్రే కదలాలని పట్టుబడితే, వారి ముహూర్తానికి పరస్థానం మూట నా దగ్గర ఉంచండి. మా ఇల్లు హనుమాన్ జంక్షన్ వెళ్ళే దారిలోనే ఉంది. పొద్దున 9 గంటల తరువాత వచ్చి తీసుకోవచ్చు.